ఖాదర్ చాచా రేడియోల సీటీ

ఖాదర్ చాచా రేడియోను నేనే బాగుజేసిన్నని మేడ్చల్ల అందరు అనుకుంటున్నరు. అనుకోనియ్యిండ్రి. అసలు ఏం జరిగిందో మీకు చెప్త, మా నాయిన చెవుల మాత్రం ఎయ్యకుండ్రి.

బీఎస్సీ పాసై ఇంట్ల కూసున్న. నౌకరి లేదు. కూసొని కూసొని రెండు వాల్వులు పెట్టి సొంతంగ ఒక రేడియో చేసుకున్న. పెంకుల మీదికెల్లి పెరట్ల చింతచెట్టు దాక ఏరియల్ తీగ గుంజిన. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుంటేనే ఇనొస్తది. దానికి ఒక మర ఉన్నది. తిప్పినకొద్ది ఆవాజ్ పెరుగుతది. ఇంకొంచెం తిప్పితే కుయ్యిమని ఈల లెక్క సీటీ కొడ్తది. సీటీకి జరంత ఈవల ఆపితే మస్తు సాఫ్ ఇనొస్తది. నాకు గా జరంత ఈవల ఎప్పుడూ దొరకదు.

మా గోడకు ఆనుకొనే ఖాదర్ చాచా ఇల్లు. పెద్ద రేడియో కొన్నడు. ప్రపంచమంత లడాయి నడుస్తాంది, ఖబర్ల టైముకు వాడకట్టంత ఆయన అరుగు మీదనే. కొన్ని దినాల సంది సరిగ్గ ఖబర్లప్పుడే అందుల సీటీ వస్తాంది. చాచా నన్ను పిల్సిండు. "నర్సింగ్ బేటా, నువ్వు సైన్స్ చదివినవ్ గదా, దీనికేమైందో చూడు."

చూసిన. వాల్వులన్ని గుంజి కాళ్లు తుడిసి మళ్ల పెట్టిన. ఎర్త్ తీగ పాతినకాడ నీళ్లు వోసిన. రేడియో పెడ్తే సీటీ లేదు. చాచీ గాజు గ్లాసుల చాయ్ ఇచ్చింది. ఎర్త్ ఎండిపోయిందని నేను పెద్దగ సమ్జాయించిన.

తెల్లారి పొద్దుగూకంగ ఇంట్ల నా సెట్ పెట్టుకొని గవే ఖబర్లు ఇంటున్న. చాచా గోడ మీదికెల్లి తల పెట్టి మళ్ల సీటీ వచ్చిందన్నడు. నేను నా సెట్ బంద్ జేసి ఉరికిన. బంద్ జెయ్యకుంటే బ్యాటరీ దిగుతది గదా. మా ఊర్ల కరెంటు లేదు. బ్యాటరీ దిగితే దాన్ని నెత్తిన పెట్టుకొని రైలెక్కి బొల్లారం పోయి ఛార్జ్ చేపియ్యాలె. దాని ఆసిడ్ కారి నా కొత్త అంగీకి బొక్కలు వడ్డయి. అట్ల ఒక్కసారి పోయొచ్చినోడు స్విచ్ బంద్ జెయ్యంది ఇల్లు కదలడు.

నేను వోయేసరికి సీటీ లేదు. ఇంటికొచ్చి నా సెట్ పెట్టిన. మళ్ల చాచా తల. మళ్ల బంద్ జేసి ఉరికిన. మళ్ల లేదు. ఎన్ని దినాలైనా ఇదే తంతు. బీఎస్సీ చదివిన బుర్రకు ఇంకేం తట్టలే.

చాచాకు తట్టింది. "సెట్ నీకు భయపడ్తాంది బేటా. ఖబర్లప్పుడు వచ్చి దీని పక్కన కూసో."

కూసున్న. రోజూ కూసున్న. సీటీ రాలే. నా చెయ్యి బర్కత్‌ది, అచ్చొచ్చే చెయ్యని చాచీ వాడకట్టంత చెప్పింది, బిస్కట్లు గూడ పెట్టింది. మా నాయిన మాత్రం, పట్నంల చదివిచ్చింది పక్కింటి రేడియోకు కావలి కూసోనీకేనా అని అడిగిండు.

గింతల చాచీ తమ్ముడు రషీద్ మామూ వస్తున్నడని ఖబరొచ్చింది. ఆయనకు పట్నంల రేడియో రిపేరు దుకాణం ఉన్నది. పని తెల్సిన పోరడు కావాలన్నడట. చాచా అప్పుడే మాటిచ్చేసిండు, మా సెట్ బాగుజేసిన పోరడున్నడని. నేనేం బాగుజేసిన్నో నాకే తెల్వదు. ఆయన అడిగితే ఏం చెప్పాలె?

శుక్రారం మామూ శామీర్‌పేట చుట్టాలింటికెల్లి వచ్చిండు. రేడియో ఇన్నడు. సాఫ్‌గ ఉన్నది. ఏం మార్చినవని అడిగిండు. ఎర్త్ అన్న. ఎనకమూత తీసి లోపట చూసి, మళ్ల పెట్టేసిండు.

"ఎర్త్‌కు సీటీకి సంబంధం లేదు. నువ్వు సొంతంగ చేసిన సెట్ ఉన్నదంట గదా, పా, చూస్త."

మా ఇంట్లకు తీస్కవోయిన. హెడ్‌ఫోన్లు పెట్టుకొని మర తిప్పిండు. గోడ అవతలికెల్లి చాచా గొంతు వచ్చింది. "మళ్ల షురూ అయింది. నర్సింగ్ ఏడికి వోయిండు?"

మామూ మర ఎనకకు తిప్పిండు.

"పోయింది," అన్నడు చాచా.

ముందుకు తిప్పిండు.

"వచ్చింది."

మామూ నా మొఖం చూసుకుంటనే ఇంకొన్నిసార్లు తిప్పిండు. చాచా పాపం ప్రతిసారి జవాబిచ్చిండు. నేను నేల చూసిన.

"ఇనేటందుకు చేసుకున్నవ్," అన్నడు మామూ హెడ్‌ఫోన్లు తీసి. "మర ఎక్కువ తిప్పితే ఇది ఉల్టా సిగ్నల్ పంపుతాంది. నీ సీటీ చింతచెట్టు తీగల నుంచి సీద మా దులాభాయ్, మీ చాచా రేడియోలకే పోతాంది."

లడాయి దినాలు. ఇంట్ల సిగ్నల్ పంపే డబ్బా ఉన్నదంటే వేగులోడని జైలే. పోలీసోళ్లకు చెప్తరా మామూ అని అడిగిన. ఆయన సెట్ బోర్లేసి, లోపట నేను టంకం వెట్టిన అతుకులన్ని ఒక్కొక్కటి గోటితోని గీకి చూసిండు. తర్వాత లేసి చాచా ఇంటికి నడిసిండు. ఎనక నేను.

"దులాభాయ్, పోరని చేతిపని మంచిగున్నది. నా ఎంబడి పట్నం తీస్కపోత."

"వీడు పోతే నా రేడియో ఎట్ల?"

"గదే దీనికి ఇలాజ్, గదే మందు," అన్నడు మామూ.

చాచీ కండ్ల నీళ్లు వెట్టుకున్నది. రేపే ప్రయాణం. నౌకరి దొరికిందని మా నాయిన వాడంత తిరిగి చెప్తున్నడు. నా డిగ్రీ ఏందని ఎవలూ అడగలే. ఖాదర్ చాచా రేడియోకెల్లి ఖరాబ్ పార్టు తీసేసిండ్రు, గంతే. గా పార్టుకే కొలువిచ్చి రైలెక్కిస్తున్నరు.