ప్లాట్ల రాళ్ళ చుట్టూ ఒక మైలు

మదీనాగూడలో మా ఎదురు ఫ్లాటులోకి ఈ మధ్య బీహార్ నుంచి వచ్చిన ఒక జంట దిగింది. ఇద్దరూ గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేస్తారు, ఆదివారం మాత్రం ఇంట్లో వండుకుంటారు. ఆ రోజు వాళ్ళ వంటింట్లో ఆవనూనె కాగిన వాసన తలుపు సందుల్లోంచి మా హాల్లోకి వస్తుంది. మా ఆయన లేచి కిటికీలు తెరుస్తాడు. నేను చేస్తున్న పని ఆపి కాసేపు కూర్చుంటాను.

నా చిన్నప్పుడు మా చుట్టుపక్కల ఎవరింట్లోనూ ఆ నూనె ఉండేది కాదు. మా ఇంట్లో ఉండేది. నాయిన సైన్యం నుంచి తెచ్చుకున్న అలవాటు అది. మంచు కొండల్లో బండి బోల్తాపడి మోకాలు చితికితే, డాక్టర్ల బోర్డు ఆయన ఇక పనికిరాడని రాసి ఇంటికి పంపింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. రోజూ పొద్దున వెల్లుల్లి వేసి కాచిన ఆ నూనెను ఆయన మోకాలికి రుద్దుకుంటుంటే, నాయినమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. "ఆ కంపు ఇంట్ల పెట్టకురా, అరుగు మీద కూసోని రుద్దుకో."

నాకు ఆయన ఇంట్లో ఉన్న ఆ రెండేళ్ళంత మంచి కాలం మళ్ళీ రాలేదు. అంతకుముందు నాయిన అంటే ఏడాదికోసారి సెలవు మీద వచ్చే మనిషి. ఇప్పుడు రోజూ ఉండేవాడు. నాకు జడ ఆయనే వేసేవాడు, బూటు లేసు కట్టినంత బిగువుగా. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు. వానలు తగ్గాక మా ఇంటి వెనక లేఅవుట్‌లో, ఇంకా ఇళ్ళు కట్టని ప్లాట్ల మధ్య తంగేడు విరగబూసేది. బతుకమ్మకు పూలు కోయడానికి నాతో పాటు కుంటుతూ వచ్చేవాడు. నాయినమ్మ నువ్వులు, బెల్లం కలిపి దంచిన సత్తుపిండి అరచేతిలో పెట్టుకుని తింటూ, బియ్యం డబ్బాలో మాగబెట్టిన సీతాఫలాలను రోజుకు నాలుగుసార్లు నొక్కి చూస్తూ, చివరికి అవి మెత్తబడ్డాక గింజలు ఎవరు దూరం ఉమ్ముతారని ఇద్దరం పందెం వేసుకునేవాళ్ళం.

ఆయనకు అవి మంచి రోజులు కావని నాకు తట్టలేదు. గచ్చిబౌలిలో ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికింది. వచ్చేపోయే కార్లకు సెల్యూట్ కొట్టడం అందులో భాగం. మాజీ సైనికులను తిరిగి చేర్చుకునే దళం ఒకటి ఉందనీ, మోకాలు నయమైందని మరో బోర్డు ఒప్పుకుని, మైలు దూరం ఏడు నిమిషాల్లో పరుగెత్తగలిగితే అందులోకి రావచ్చనీ ఒక పాత మిత్రుడు ఉత్తరం రాశాడు. కళ్ళ ముందు నౌకరి ఉండగా మళ్ళీ ఆ పరేషాన్ ఎందుకని నాయినమ్మ అడిగింది. నాయిన అన్నం కలుపుతూ తల ఎత్తకుండానే చెప్పాడు.

"పంపిస్తె వచ్చిన గదనే. మల్ల పోయి, నాయంతల నేను రావాలె."

అమ్మ మరునాటి నుంచి ఐదింటికే ఆయనకు చాయ్ పెట్టడం మొదలుపెట్టింది.

దూరం కొలవడానికి నాయిన సైకిలు చక్రానికి ఎర్ర గుడ్డ కట్టి, అది ఎన్నిసార్లు తిరిగిందో నన్ను లెక్కపెట్టమని, లేఅవుట్ చుట్టూ నడిపించాడు. నాలుగు చుట్లయితే మైలు. సున్నం కొట్టిన ప్లాటు రాయి మీద నన్ను నిలబెట్టి తన గడియారం చేతికిచ్చాడు. మొదట్లో పన్నెండు నిమిషాలు పట్టేది. చలికాలం నడుమకు ఏడు నిమిషాల పది సెకన్లకు దిగింది. ఆ పొద్దున నాకు అర్థమైంది, ఈ పరుగు ఆయనను తీసుకుపోతుందని. "ఎంత బిడ్డా?" అని ఒగరుస్తూ అడిగితే, "ఏడు నిమిషాల నలభై" అన్నాను.

తన వల్ల కాదని తెలిస్తే మానుకుంటాడనుకున్నాను. మరునాడు ఇంకా గట్టిగా పరుగెత్తాడు. నేను మళ్ళీ అర నిమిషం కలిపి చెప్పాను. ఆయన అన్నం తగ్గించాడు, ఇంకో చుట్టు పెంచాడు. ఒకరోజు మోకాలు వాచి నిలబడలేకపోయాడు. అమ్మ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెడుతుంటే పళ్ళు బిగించి పడుకున్నాడు. నిజం నా నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. వారం ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఎండాకాలంలో బోర్డు ఒప్పుకుంది. పరుగు సికింద్రాబాద్‌లో పెట్టారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, తనకన్న చిన్నవాళ్ళను దాటి ఏడు నిమిషాలకు చాలా ముందే ముగించానని నాయినమ్మకు చెప్పాడు. నేను కలిపిన ఆ అర నిమిషమే ఆయనను తయారుచేసిందని తెలిసి, లేఅవుట్‌లోకి పోయి రాయి మీద కూర్చుని ఏడ్చాను. వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. అంతా చెప్పేశాను.

"ఎరుకే బిడ్డా," అన్నాడు. "గిన్నేండ్లు ఉరికిన. కాళ్ళకు తెల్వదా?"

మరి నన్నెందుకు అడగలేదన్నాను. నా జడ చివర రిబ్బను సరిచేశాడు.

"నువ్వు పోవద్దంటున్నవని సమజైంది. అడిగితె నోరు తెరిచి అంటవు. నువ్వట్ల అంటె నేను ఆగిపోత."

ఆ దళంలో ఎనిమిదేళ్ళు చేశాడు. తాను అనుకున్న తేదీకి, తన సంతకంతో, తనంతట తాను దిగి వచ్చాడు.

ఆ లేఅవుట్‌లో ఇప్పుడు ఖాళీ ప్లాటు ఒక్కటి లేదు. మేముంటున్న భవనం కూడా అందులోదే. తంగేడు పూలు పండుగ ముందు రోజు మియాపూర్ రోడ్డు మీద కొనుక్కోవాలి. పొద్దున పరుగెత్తేవాళ్ళకు మణికట్టు మీది గడియారాలే లెక్క చెబుతాయి. ఎవరి కోసమూ ఎవరూ చలిలో నిలబడరు.

పోయిన చలికాలం నాయిన చివరి నాలుగు రోజులు దవాఖానలో ఉన్నాడు. ఈసారి నోరు తెరిచే అడిగాను, ఉండు నాయినా అని. సరేనన్నట్టు తల ఊపాడు. ఆయనకు చేతనైంది అంతే.