అమ్మ బేసి సంవత్సరంలో పడింది

మా అక్క మొగుణ్ణి వీధిలో అందరూ చెవి డాక్టరంటారు. పాడైన కంప్యూటర్ డిస్కు ఎవరైనా తెస్తే చాలు, దాన్ని కరెంటుకి తగిలించి, చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. ఇంట్లో అక్క నాలుగుసార్లు పిలిచినా పలకని మనిషి ఈయనే. టైలరు షాపు పైన ఒకటిన్నర గది ఆయన కొట్టు. ఆ అరగదిలో కూర్చుని వచ్చినవాళ్ళ వివరాలు రాసుకునేది నేను. నాకు నలభై దాటినా ఆయనకి ఇంకా మరదలు పిల్లనే.

బావకి ఓ పద్ధతుంది. డిస్కుతోపాటు చీటీ ఇవ్వాలి. పోయినవాటిలో ఏది కావాలో అందులో ఒక్కటే రాయాలి. "అన్నీ" అని రాసినవాళ్ళని నిర్దాక్షిణ్యంగా మెట్లు దింపేస్తాడు. ఈ చాదస్తంతో ఎంతమంది పక్క వీధికి పోయారో నాకు తెలుసు.

ఆ రోజు పొద్దున వచ్చిన ఫొటో స్టూడియో ఆయన మాత్రం ఆలోచించకుండా రాశాడు: అమ్మ గొంతు.

బావ విన్నాడు. డిస్కు టక్‌టక్ మంటోంది. విప్పి చూస్తే లోపలి పళ్ళెం మీద గీతలే గీతలు, ఇక అందులోంచి ఏమీ రాదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా కొట్టుకుంటోంది?"

"నెల రోజులండీ. అదే సర్దుకుంటుందని ఊరుకున్నా."

నాకు ఒళ్ళు మండింది. బావ మాత్రం డిస్కు మీద రాసున్న ఒకటో నంబరు చూసి నెమ్మదిగా అడిగాడు, "దీని జంట ఏది?"

అప్పుడు బయటపడింది అసలు కథ. ఈయనా, తమ్ముడూ కలిసి స్టూడియో నడిపేవారు. పనంతా ఓ పెట్టెలో రెండు డిస్కుల మీద ఉండేది. ఒకదాంట్లో ఏది పడితే రెండోదాంట్లోనూ అచ్చంగా అదే పడుతుంది. ఒకటి పోయినా రెండోది ఆదుకోవాలని చేసిన ఏర్పాటు అది. మూడేళ్ళ కిందట బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలని పోట్లాడుకుని విడిపోయారు. కెమెరాలు చెరి రెండు, దీపాలు చెరి మూడు. స్టూలు ఒక్కటే ఉంటే రంపంతో కోశారు. డిస్కులు రెండున్నాయి కదా, చెరొకటి పట్టుకెళ్ళారు, సగం సరుకు ఇందులో, సగం అందులో ఉంటుందని.

ఇంటికెళ్ళి తెరిస్తే ఎవరి డిస్కులో చూసినా అన్నీ ఉన్నాయి. అప్పుడైనా బుర్ర వెలగాలా వద్దా! ఇద్దరూ "అవతలివాడి వాటా పొరపాటున నాకొచ్చింది" అనుకున్నారు. మాటల్లేవు కాబట్టి మేనమామని అడిగారు. బేసి సంవత్సరాలవి పెద్దోడికి, సరి సంవత్సరాలవి చిన్నోడికి అని ఆయన తీర్పిచ్చాడు. మిగతాది ఎవరికి వారు నిజాయితీగా చెరిపేశారు. ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు, చూడాలని కూడా లేదు.

అమ్మ గొంతు బేసి సంవత్సరంలో పడింది. కొత్త మైకు పనిచేస్తుందో లేదోనని తమ్ముడు ఆవిణ్ణి కూర్చోబెట్టి రికార్డు చేశాడట. ఆ వేళ అన్న ఊళ్ళో లేడు. తర్వాత ఆవిడ పోయింది. మూడేళ్ళూ వినడానికి గుండె చాలలేదు. చాలిన రోజున డిస్కు టక్‌టక్ మంది.

తమ్ముడికి నేనే ఫోన్ చేశాను. తువ్వాల్లో చుట్టి డిస్కు తెచ్చాడు. అన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"చెరిపాక దీన్ని వాడావా?" అన్నాడు బావ.

"లేదండీ. నా సరుకు వేరేదాంట్లోకి ఎక్కించుకుని దీన్ని బీరువాలో పెట్టేశా."

బావ మొహం వెలిగింది. చెరిపితే పేరే పోతుంది, మీద కొత్తది రాసేదాకా అసలు సరుకు అక్కడే ఉంటుంది. మధ్యాహ్నం భోజనం మానేసి మరీ వెతికాడు. నాలుగింటికి దొరికింది, నలభై సెకన్లు.

బావ మీట నొక్కబోతుంటే తమ్ముడు లేచాడు.

"అది అన్నయ్య వాటా అండీ. నేను వినకూడదు." బయటికెళ్ళి, మెట్ల మీద కూర్చుని, చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. నవ్వాలో తన్నాలో నాకు అర్థం కాలేదు.

బావ మీట నొక్కాడు. కుర్చీ కిర్రుమంది. ఆడమనిషి దగ్గింది.

"ఏం మాట్లాడనురా? ఇందులో నా మాట పడుతోందా? సరే. పెద్దోడు రాత్రికొస్తానన్నాడు. నువ్వు ఆకలేస్తోందని ముందే తినేయకు. వాడొచ్చాక ఇద్దరూ కూర్చోండి... చిన్నోడా, వింటున్నావా? ఒరేయ్ చిన్నోడా!"

అంతే, అయిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

"అమ్మ వాడితో మాట్లాడుతోందండీ," అన్నాడు పెద్దాయన, ఏదో తప్పు చేసినట్టు. మళ్ళీ అన్నాడు, "నాతో కాదు, వాడితో."

లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. మెట్ల మీది మనిషి భుజం పట్టుకుని ఊపాడు.

"లోపలికి రారా. అమ్మ పిలుస్తోంది."

తమ్ముడు చెవుల్లోంచి వేళ్ళు తీశాడు.