పాముకు పేలు పట్టిన ఏడాది

పాముల గురించి రాయపూర్ రైల్వే కాలనీలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని నేనే ప్రచారం చేసుకుంటున్న రోజులవి. గూడ్సు ఆఫీసు గుమాస్తాకి అంతకన్నా గొప్ప చెప్పుకోవడానికి ఏముంటుంది? మందిర్ హసౌద్ స్టేషన్లో ధాన్యం బస్తాల కింద ఒక రెండుతలల పాము కనబడితే కూలీలు కర్రలెత్తారు. నేను వీరుడిలా అడ్డుపడి, దీనికి విషం లేదని ఉపన్యాసం దంచి, భోజనం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. పాముల్ని పెంచకూడదన్న చట్టం అప్పటికింకా రాలేదు.

మా ఆవిడ మొదట నాతో మాటలు మానేసింది. పగలు ఇసక పోసిన టీ పెట్టెలో పడుకుని, చీకటిపడ్డాక వంటింట్లో తిరిగే ఆ పాము పుణ్యమా అని, తన పట్టుచీరలు కొరికేస్తున్న ఎలుకలు మాయమయ్యాయి. అప్పుడు రాజీపడింది. పాముతోనే లెండి, నాతో ఇంకొన్నాళ్ళు పట్టింది.

తరవాత పురిటికి విజయనగరం వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. బారసాలకి సెలవు ఇవ్వలేదు మా ఆఫీసరు. కూతురు ఎవరి పోలికో కూడా తెలియకుండా, దీపావళికి తల్లీబిడ్డా వస్తారని గోడమీద క్యాలెండరు చూసుకుంటూ బతుకుతున్నాను.

అప్పుడు పడింది నా నెత్తిన పిడుగు. పక్క క్వార్టరు మామ్మగారు పప్పు రుబ్బుకోడానికి వచ్చి, పెట్టెలోకి తొంగిచూసింది.

"ఏటి బాబూ, దీనికి పేలు పట్టీసినట్టున్నాయి?"

"జుట్టుంటేగా మామ్మగారూ, పేలు పట్టడానికి!" అని పగలబడి నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుని చూపించింది. ఆవగింజలో సగం కూడా లేని నల్ల చుక్క ఒకటి దానిమీద తీరిగ్గా నడుస్తోంది. పామును పైకి తీసి చూస్తే కళ్ళ చుట్టూ, దవడ కిందా, పొలుసుల సందుల్లో అవే చుక్కలు. నా పాండిత్యం ఏడ్చినట్టే ఉంది.

అంతటితో పోలేదు. మామ్మగారు ఆ వారమే పెళ్ళికని విజయనగరం వెళ్ళింది. వెళ్ళినావిడ ఊరుకుంటుందా? కబురు మోసుకెళ్ళి, కబురు మోసుకొచ్చింది.

"మీ ఆవిడ పక్కాగా చెప్పీసింది బాబూ. పాముంటే ఉండనీ గానీ, పురుగులున్న ఇంట్లోకి చంటిదాన్ని తేనంటంది. అవి పోతేనే దీపావళి. లేకపోతే సంకురాత్రి దాటాకే, మరి నీ ఇష్టం."

కొంప మునిగింది. అప్పటికే నెలల పిల్ల. ఇంకా ఆగితే అదే నడుచుకుంటూ వచ్చి నువ్వెవరని అడుగుతుందని భయం వేసింది.

మనవాళ్ళకి పేలు పడితే ఏం చేస్తాం? తలంటు పోస్తాం. నేనూ అదే చేశాను. పామును పీటమీద పెట్టి, వేపనూనె కలిపిన నువ్వులనూనె పట్టించి, శనగపిండితో నలుగు పెట్టి, కుంకుడురసం పోశాను. పోస్తూ పోస్తూ అలవాటుకొద్దీ "కళ్ళు మూసుకో" అన్నాను. పాముకు రెప్పలుండవన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది, మహా పండితుణ్ణి కదా! అది నురగలోంచి జారి తూములోకి దూరింది. తోక పట్టుకుని బతిమాలి బయటికి తెచ్చేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

నూనెకి చాలా పురుగులు చచ్చాయి. నేను మీసం మెలేసి, పామును మళ్ళీ అదే పెట్టెలో పెట్టాను. మూడోనాటికి మళ్ళీ చుక్కలే.

ఇంతలో అది ఇసక వదిలేసి, ఎప్పుడూ నీళ్ళ మూకుడులోనే చుట్టుకుని పడుకోవడం మొదలెట్టింది. ఒట్టి సోమరిపోతు అని తిట్టాను కూడా. ఒకనాడు నీళ్ళు మారుస్తుంటే అడుగున నల్లగా పురుగుల మడ్డి. పాపం, అది తన వైద్యం తను చేసుకుంటోంది! మరి మళ్ళీ ఎక్కణ్ణించి వస్తున్నాయని పెట్టె తిరగేసి చూస్తే, పురుగులు కాపురం ఉన్నది దాని చెక్కల సందుల్లో. సిగ్గుతో చచ్చిపోయి, ఆ పెట్టెని పొయ్యిలో పెట్టాను. ఇసక పారబోశాను. గది నేలంతా సలసల మరిగే నీళ్ళతో కడిగాను. సందుల్లేని పాత్ర కోసం వెతికితే అత్తవారిచ్చిన ఇత్తడి గంగాళం కనబడింది. అందులో కాగితాలు పరిచి పామును పెట్టాను.

రోజూ ఉదయం గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, తెల్ల పంచె మీద పడుకోబెట్టి, కిటికీ వెలుతురులో దవడ ఎత్తి, మెడ కింద, కళ్ళ పక్కన వెతకడమే నా పూజ. దీపావళి దగ్గరపడేసరికి పంచె మీద ఒక్క చుక్కా రాలలేదు.

మా ఆవిడ వచ్చింది. గుమ్మంలోనే, "గంగాళం ఏదండీ? పిల్లకి నీళ్ళు కాయాలి" అంది.

నేను గది వైపు వేలు చూపించాను. తనే వెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది. "పాము శుభ్రంగానే ఉంది," అంది బయటికొచ్చి. నేను మణికట్టు గోక్కుని, ఆత్రంగా చేతులు చాచాను. "మీరే బాలేదు! ఆ గోకుడేటి, ఆ వేపనూనె కంపేటి? పిల్లని ముట్టుకోకండి, చెప్తున్నాను."

పాము ఇంట్లో, నేను పెరట్లో, తలంటుకి. కుంకుడురసం కళ్ళలో పడి కేకలు పెడుతుంటే, పాము నన్నెంత తిట్టుకుందో తెలిసింది.

స్నానమయ్యాక తెల్లటి గుడ్డలో చుట్టి పిల్లని నా చేతుల్లో పెట్టింది. ఎన్ని నెలలుగానో ఈ క్షణం కోసం ఎదురుచూసినవాణ్ణి. నేను చేసిందేమిటి? తిన్నగా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. వెలుతురుకి తిప్పి, గడ్డం ఎత్తి, మెడ మడతలోకి చూశాను. చెవి వెనక చూశాను. కంటి పక్కన చూశాను. అది బోసినోటితో నవ్వింది. అచ్చం మా అమ్మ పోలిక. నీళ్ళు కమ్మి నాకు కళ్ళు కనబడలేదు.

మా ఆవిడ నడుంమీద చేతులేసుకుని నిలబడింది.

"చూసీసుకున్నారు కదా, పురుగుల్లేవు. ఇంక ముద్దెట్టుకోండి."