సముద్రం వైపు మూడు ఆటలు

డెబ్భైల మొదట్లో మాట. అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. తెనాలిలో ఒక నాటక సమాజంలో ఆడవేషాలు కట్టేదాన్ని. సమాజమంటే ఏదో పెద్దది అనుకోకండి. పదిమందిమి ఉండేవాళ్ళం. నాలుగు తెరలు, రెండు పెట్రోమాక్సు లైట్లు, ఒక హార్మోనియం, దుస్తుల పెట్టెలు. వాటన్నిటికీ పైన మా మేనేజరు గారు. నాకు వరసేమీ కాకపోయినా చిన్నప్పటినుంచీ బాబాయి గారనే పిలిచేదాన్ని.

మా తిరుగుడంతా కాలవల వెంబడే. దుగ్గిరాల చుట్టుపక్కల, ఇటు అంగలకుదురు, ఇంకా ఆ వరి పొలాల ఊళ్ళన్నీ. కుప్పనూర్పిళ్ళు అయ్యాక రైతులు పిలిచేవాళ్ళు. వెళ్ళి తెల్లవార్లూ ఆడి వచ్చేవాళ్ళం. ఆ ఏడు పిలుపులు తగ్గిపోయాయి. ఏ ఊరికెళ్ళినా టూరింగు టాకీసు డేరా కనపడేది. సినిమా చూసొచ్చిన కుర్రాళ్ళు మా ఆటలో పద్యం రెండోసారి ఎత్తుకోగానే ఈలలు వేసేవాళ్ళు. బాబాయి గారికి ఆ ఈల వింటే తిండి సహించేది కాదు.

అలా ఉండగా ఒకరోజు ఒక మనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నిజాంపట్నానికి అవతల సముద్రపొడ్డున ఒక పల్లెలో ఉంటాడట. పడవ మీద వేటకు వెళ్ళేవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. గుమ్మంలోకి రాకుండా, చేతిలో ఎండుచేపల మూట పట్టుకుని అరుగు కిందే నిలబడ్డాడు. రేపల్లెలో తిరునాళ్ళకు మేమాడిన ఆట చూశాడట.

"ఆ చివర కాటి సీను ఉంది కదండీ. బిడ్డని ఒళ్ళో పెట్టుకుని మీరు ఏడుస్తారు. అది మా పల్లెలో అందరికీ చూపించాలండి. మా వాళ్ళు అంత దూరం వచ్చి చూడలేరు. మీరే రావాలి."

మా అమ్మ ఆ మూట అందుకుని లోపలికి తీసుకెళ్ళింది. అప్పుడు మా ఇంట్లోనే ఉన్న బాబాయి గారు అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి ఒకటే ప్రశ్నలు. బండి వస్తుందా? మంచినీళ్ళు ఎక్కడివి? సినిమా డేరా ఏమన్నా వచ్చిందా? డేరా రాలేదని అతను చెప్పగానే బాబాయి గారి ముఖం వెలిగిపోయింది.

ఆ సాయంత్రం నుంచే ప్రయాణం ఏర్పాట్లు మొదలయ్యాయి. బాబాయి గారు మా వసారాలో సిమెంటు నేల మీద సుద్దముక్కతో సముద్రం గీశారు. ముందు రేపల్లెలో ఒక ఆట. అక్కణ్ణుంచి పల్లెలో రెండో ఆట. తరవాత బాపట్లలో మూడోది. ఆయన రేపల్లె దాటి ఆ తీరం వైపు ఎన్నడూ వెళ్ళినవారు కాదు. మాలో ఎవరమూ వెళ్ళలేదు. సముద్రం ముప్ఫై మైళ్ళ దూరంలో ఉన్నా, కాలవ నీళ్ళు తాగేవాళ్ళకి అది వేరే దేశమే. సామానుకు అద్దెకు మాట్లాడుకున్న వ్యాను డ్రైవరు ఇసకలోకి బండి దించనన్నాడు. పల్లె దాకా సామాను చేర్చడానికి రెండు ఎడ్లబళ్ళు కావాలన్నాడు. హార్మోనిస్టుకు ఇంకో బెంగ. ఉప్పుగాలికి మెట్లు బిగుసుకుపోతాయని, పెట్టెకు దుప్పటి చుట్టి ఒళ్ళో పెట్టుకుని వస్తానన్నాడు.

మా అమ్మకు మాత్రం ససేమిరా ఇష్టం లేదు. అంతకు రెండేళ్ళ ముందు ఒక ఊళ్ళో తాగినవాళ్ళు ఆట అయిపోయాక కూడా నన్ను తెర వెనక్కి పోనివ్వలేదు. అమ్మ అది మర్చిపోలేదు.

"ఎరిగిన ఊళ్ళల్లోనే మన మర్యాద అంతంతమాత్రం. ఎరగని చోట మనకేమన్నా అయితే ఎవరితో చెప్పుకుంటాం?" అంది.

దానికి తోడు పల్లె పెద్దల నుంచి ఒక కబురు వచ్చింది. వేషం కట్టే అమ్మాయిని ఒకసారి చూసి గానీ మాట ఇవ్వరట. మా వృత్తిలో అది కొత్త కాదు. అయినా విన్నప్పుడల్లా ఒళ్ళు ముడుచుకుపోయేది.

"సంతలో గేదెని చూసినట్టు చూస్తారటా?" అని అమ్మ బాబాయి గారి మీద లేచింది. ఆయన తలవంచుకుని, "దారి కూడా చూసి రావాలి కదమ్మా. నువ్వూ రా, పిల్ల పక్కనే ఉండు" అన్నారు.

అలా ముగ్గురం బయల్దేరాం. రేపల్లె దాకా రైలు, అక్కణ్ణుంచి నిజాంపట్నానికి బస్సు. బస్సులో నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. వరిచేలు పలచబడి, ఉప్పు పేరిన తెల్లటి బీడు మొదలైంది. గాలి విపరీతంగా ఉంది. రెండు రోజులుగా అంతేనని పక్కన కూర్చున్నావిడ చెప్పింది. బస్సు దిగాక కట్ట మీద చాలా దూరం నడిచాం. అమ్మ కొంగు నెత్తికి చుట్టుకుని నడిచింది.

పల్లెలోకి వెళ్ళేసరికి మమ్మల్ని చూడడానికి ఎవరూ లేరు. ఇళ్ళ ముందు ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలుతుంటే తోలేవాళ్ళు లేరు. మగవాళ్ళందరూ ఒడ్డున గుంపుగా నిలబడి ఉన్నారు. కూర్చున్నవాడు ఒక్కడు లేడు. అందరి ముఖాలూ నీళ్ళ వైపే. నేను సముద్రం చూడడం అదే మొదటిసారి. నా కళ్ళు కూడా అటే పోయాయి గానీ, వాళ్ళు దేనికోసం చూస్తున్నారో నాకు తెలియదు.

ఒక ముసలాయన మా దగ్గరికొచ్చాడు. ఆయనే కులపెద్ద. మేమెవరమో చెప్పగానే చేతులు జోడించాడు.

"ఇవాళ మాట్లాడే రోజు కాదమ్మా. మా పడవ ఒకటి రాలేదు. నలుగురు మనుషులు. మొన్న తెల్లారుజామున పోయారు. మీ దగ్గరికొచ్చిన అబ్బాయి కూడా అందులోనే ఉన్నాడు."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పోదాం పదండి. మనం ఇక్కడ ఉండగూడదు" అంది. వచ్చిన దారినే తిరిగాం.

నాలుగు ఇళ్ళు దాటామో లేదో, వెనకనుంచి ఒక అమ్మాయి గబగబా వచ్చింది. సన్నటి మనిషి, నాకంటే చిన్నది. చంకలో బిడ్డ. అతని భార్యనని చెప్పింది. ఆమె వెనకాలే కులపెద్ద, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు.

"ఆట మానేశారా?" అంది నన్నే చూస్తూ.

"మానలేదమ్మా. పరిస్థితి చూసుకుని..." అని బాబాయి గారు నసిగారు.

"ఏం పరిస్థితండీ? గాలికి దక్షిణం పోయుంటారు. అటు ఏదో రేవులో ఉండుంటారు. పిలిచిన మనిషి తిరిగొచ్చి, ఆట ఏదే అని అడిగితే నేనేం చెప్పాలి?"

"అమ్మాయ్, ఊరుకో" అని కులపెద్ద మెల్లిగా అన్నాడు.

"నేనెందుకు ఊరుకోవాలి మావా? వీళ్ళు మానేసి పోతే, ఆయన పోయినట్టు మనమే ఒప్పుకున్నట్టు గదా!"

ఎలాగైనా ఆమె మనసు తేలిక చేద్దామని బాబాయి గారు, కావాలంటే పెళ్ళితో ముగిసే కథ ఒకటుంది, నవ్వులాటగా ఉంటుంది, అది ఆడతామన్నారు. ఆమె అడ్డంగా తలాడించింది.

"ఆయన అడిగిందే ఆడండి."

ఆ ఆట చివర ఏముందో ఆమెకి తెలుసో తెలియదో నాకర్థం కాలేదు.

తెనాలి తిరిగి వచ్చాక ఇంట్లో ఎవరికీ మనసు కుదురుగా లేదు. రేపల్లెలోనూ బాపట్లలోనూ మాట ఇచ్చేశాం. కరపత్రాలు కూడా అచ్చయ్యాయి. పల్లె ఆట ఉన్నట్టా లేనట్టా? డ్రైవరు అడుగుతాడు, హార్మోనిస్టు అడుగుతాడు. బాబాయి గారు ఒక పూట తీసేద్దామంటారు, ఒక పూట ఉంచుదామంటారు. ఆయనలో ఆ మొదటి ఉత్సాహం పోయింది. వింతేమిటంటే, వెళ్ళొద్దని మొదటినుంచీ మొత్తుకున్న అమ్మ ఇప్పుడు వెళ్ళాలనే పట్టుబట్టింది.

"ఆ పిల్ల అడిగింది. వాళ్ళు వద్దన్నదాకా మనం వద్దనకూడదు" అంది.

వాళ్ళే వద్దన్నారు. చేపల బుట్టలతో తెనాలి వచ్చే ఒకాయన చేత కులపెద్ద కబురు పంపాడు. బాపట్ల దగ్గర సూర్యలంక వైపు ఇద్దరు ఒడ్డున పడ్డారట, ప్రాణాలతోనే. పడవ బోల్తా పడింది. మిగతా ఇద్దరి జాడ లేదు. మమ్మల్ని పిలిచిన మనిషి ఆ మిగతా ఇద్దరిలో ఉన్నాడు. ఈ ఏడు ఆట వద్దని, ఏమీ అనుకోవద్దని కులపెద్ద చెప్పమన్నాడట.

రేపల్లె ఆట జరిగింది, కానీ ఏదో జరిగిందనిపించాం. జనం పలచగా వచ్చారు. నేను పద్యం సగంలోనే దించేశాను. పల్లె లేదు కాబట్టి మర్నాడు నేరుగా బాపట్ల వెళ్ళాం. ఊరి చివర ఒక ఖాళీ గోడౌను మాకు విడిదిగా ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం నేను జడకు సవరం కట్టుకుంటుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. నేను పోల్చుకోలేదు. అమ్మే పోల్చుకుంది. "రా తల్లీ, లోపలికి రా" అంది.

ఆ అమ్మాయే. బిడ్డను అత్తగారి దగ్గర వదిలి, మరిదిని తోడు తీసుకుని సూర్యలంక వచ్చిందట. కొన్నాళ్ళుగా అక్కడే ఉండి, ఒడ్డున వేటకు వెళ్ళొచ్చే ప్రతివాళ్ళనీ అడుగుతోందట. ఆ పూట మా ఆట ఉందని ఎవరో చెబితే విని బాపట్ల దాకా నడిచొచ్చింది. మరిది బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. వదిన ఆట చూడడానికి రావడం అతనికి నచ్చలేదని చూస్తేనే తెలుస్తోంది.

అమ్మ ఆమెకు అన్నం పెట్టింది. చేతికి మట్టిగాజులు అలాగే ఉన్నాయి. నేను వాటి వైపు చూశానని గ్రహించి ఆమె అంది:

"తీసెయ్యమంటున్నారు. ఏడవమంటున్నారు. నాకు చూపించకుండా ఎట్టా తీస్తానక్కా? మనిషిని చూపించమనండి, తీస్తాను."

నేను లేచి బాబాయి గారి దగ్గరికి వెళ్ళాను. ఈమె ముందు నేను ఆ సీను కట్టలేను, వేరే ఆట వేయండి అన్నాను. మా మాటలు ఆమెకు వినపడనే వినపడ్డాయి.

"మానొద్దక్కా. నేను ఏడవడానికి రాలేదు" అంది లోపలినుంచి. "ఆట చూసొచ్చిన దగ్గర్నుంచి ఆయన దీని గురించే చెప్తుండేవాడు. నేను పనిలో ఉండి సరిగ్గా వినలేదు. అదేంటో చూసి పోతాను."

అమ్మ నా దగ్గరికొచ్చి చిన్నగా, "కట్టు. ఎట్టా వస్తే అట్టా కట్టు" అంది.

ఆమెను జనంలో కూర్చోబెట్టడం ఇష్టంలేక అమ్మ తెర పక్కన, దుస్తుల పెట్టె మీద కూర్చోబెట్టుకుంది. ఆట పొడుగునా నేను అటు చూడకుండా నడిపించాను. చివరి సీనులో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పద్యం ఎత్తుకున్నాను. ఎలా పాడానో తెలియదు. ఒక్కసారి మాత్రం ఆగలేక కళ్ళు తిప్పి చూశాను. ఆమె నన్ను చూడడం లేదు. తెర సందులోంచి జనాన్ని చూస్తోంది. ముందు వరసల్లో కూర్చున్న మగవాళ్ళను, కండువాలతో కళ్ళొత్తుకునేవాళ్ళను ఒక్కొక్కరినే చూస్తోంది.

ఆట అయ్యాక నేను రంగు తుడుచుకుంటుంటే పక్కకు వచ్చి కూర్చుంది.

"ఇంతమంది మగాళ్ళు ఏడుస్తారని నాకు తెలీదక్కా. ఆయనా ఏడ్చే ఉంటాడు. ఇంటికొచ్చి ఏడుపు సంగతి చెప్పలేదు. బాగుంది, బాగుంది అన్నాడు. అంతే."

ఆమె భుజం మీద చెయ్యి వేశాను. తీసేయలేదు, దగ్గరికీ జరగలేదు.

తెల్లవారాక తెనాలి దాకా మాతో రమ్మని, అక్కణ్ణుంచి రేపల్లె రైలెక్కించి పంపుతామని అమ్మ బతిమాలింది. ఒప్పుకోలేదు. ఇంకొన్నాళ్ళు చూసి పోతానని సూర్యలంక వైపే నడిచింది. మరిది నాలుగడుగులు వెనకగా నడిచాడు. వ్యాను కదిలేదాకా అమ్మ రోడ్డు మీదే నిలబడింది.

అతను దొరకలేదు. చేపల ఆయన్ని అడిగినప్పుడల్లా అదే మాట చెప్పేవాడు. ఆమె కొన్నాళ్ళకు పల్లెకు తిరిగి వచ్చిందని, తరవాత వేరే పల్లెలో అన్న దగ్గరికి చేరిందని విన్నాం. సముద్రం వైపు మేము మళ్ళీ ఆట పెట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు గానీ బాబాయి గారు ఆ మాట ఎత్తలేదు. తరవాత ఒకటి రెండేళ్ళకే సమాజం చెదిరిపోయింది. హార్మోనిస్టు ఒక బడిలో చేరాడు. నేను పిలిచినచోటికల్లా వెళ్ళి, వేరేవాళ్ళ సమాజాల్లో వేషాలు కట్టాను. ఆ సీను ఎప్పుడు కట్టినా జనం వైపు చూడాలంటే భయమేసేది.

చాలాకాలం తరవాత అమ్మ ఏదో పనిమీద రేపల్లె వెళ్ళి, బజారులో ఆమెను చూసింది. చేపలు అమ్ముకుంటోందట. బిడ్డ బడికి వెళ్తున్నాడట. అమ్మను చూడగానే లేచి నిలబడి, "మా వైపు ఎప్పుడొస్తారు పెద్దమ్మా?" అని అడిగిందట.

"మరి నువ్వేమన్నావు?" అన్నాను.

"వస్తాంలే అన్నాను. ఇంకేమంటాను?" అంది అమ్మ. అని, వంటింట్లోకి వెళ్ళిపోయింది.