కోర్టువారు నాకప్పగించిన పిల్లలు

చాలా ఏళ్లుగా ఒక మంచిపేరు మోస్తున్నాను. అది నాది కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఒడిశాలోని రాయగడలో ఇళ్ల స్థలాలు కొలిచి పటం గీసివ్వడం నా పని. లెక్క ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. మా వీధిలో ఒక వడ్రంగి, అతని భార్య ఏడాది తేడాలో పోయారు. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు మిగిలారు. సునాబెడలో టీచరుగా ఉన్న వాళ్ల పిన్ని రూతమ్మ ఇద్దర్నీ తీసుకెళ్లింది. ఆ వెంటనే పిల్లల పెదనాన్న, నూతితో సహా పెరడంతా తనదేనని దావా వేశాడు. మైనర్ల మీద దావా కాబట్టి వాళ్ల తరఫున నిలబడడానికి కోర్టు ఒక గార్డియన్ని పెట్టాలి. ఆ పేరు దావా వేసినవాడే ఇవ్వడం మా దగ్గర మామూలు. అతను నా పేరు ఇచ్చాడు.

ఎందుకిచ్చాడు? పెరడు తన చేతికొస్తే అందులోంచి మా ఇంటికి బండి దారి వదులుతానన్నాడు. పిల్లలకు నష్టమయ్యే లాభం నీకేమైనా ఉందా అని జడ్జిగారు అడిగారు. లేదన్నాను. అన్నదమ్ములు పంచుకున్ననాడు ఆ పెరడు కొలిచింది నేనే. పెరడూ నుయ్యీ పిల్లల తండ్రి వాటాకే వచ్చాయని నాకు తెలుసు. అయినా వాయిదాలకు వెళ్లి, పిల్లల తరఫున ఒక్క మాటా చెప్పకుండా తిరిగొచ్చాను. సంతకానికో మనిషి కావాలి, అంతే కదా అనుకునేవాణ్ణి. నమ్మానా? అప్పుడూ నమ్మలేదు.

ఒక ఆదివారం రూతమ్మ చర్చి మానుకుని, ఘాట్‌రోడ్డు బస్సులో మా ఇంటికొచ్చింది.

"అన్నయ్యా, పిల్లల తరపున కోర్టులో ఏటి సెప్పేవు?"

"నన్నేటీ అడగలేదమ్మా."

"అడక్కపోతే ఊరుకోడానికి నువ్వెందుకు? గోడున్నాది కదా." నా మొహం చూసి మెత్తబడింది. "ఒంట్లో బాగోదా ఏటి? సిక్కిపోయేవు."

"అవునమ్మా. జ్వరం ఒగ్గట్లేదు."

ఆమె నమ్మింది. నా బదులు తానే నిలబడతానని కోర్టులో అర్జీ పెట్టుకుంది, కోర్టు ఒప్పుకుంది. అంతవరకు కోర్టు మెట్లెక్కని మనిషి. సెలవు పెట్టి, బస్సులో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వచ్చేది. ప్లీడరు ఒరియాలో చెప్పింది అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ అడిగేది. పెదనాన్న రాజీకొచ్చి సగం పెరడు వదులుతానంటే, నాదైతే ఇచ్చేద్దును, పిల్లలది ఇవ్వడానికి నేనెవర్ని అందట. ఇన్నేళ్లు కొలతల్లో బతికిన నేను అంత నిక్కచ్చి మనిషిని చూడలేదు.

నన్ను సాక్షిగా పిలిపించింది. పెరడూ నుయ్యీ పిల్లలవేనని చెప్పాను. మరి గార్డియన్‌గా ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదని అవతలి ప్లీడరు అడిగాడు. జబ్బుపడ్డానన్నాను. ప్రమాణం చేసి మరీ అన్నాను. దారి సంగతి బయటపెడితే పెదనాన్నకే చేటు, అతను నోరెత్తలేదు. రూతమ్మ మాత్రం జాలిగా తలూపింది.

పెరడు పిల్లలకే దక్కింది. ఆ అమ్మాయి ఇప్పుడు పెద్దదైంది. కనబడితే నమస్కారం పెడుతుంది, జబ్బుతో ఉండి కూడా మాకోసం కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారంటుంది. అలా చెప్పింది రూతమ్మే. ఆమెకు నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. తిడుతుందని కాదు, క్షమిస్తుందని భయం.

మీకైనా చెబుతున్నాను. నాకు ఏ జ్వరమూ రాలేదు. బండి దారి కోసం ఊరుకున్నాను.