ఒంటిచేతి గాజులు

నాగూర్‌బీకి లోకంలోని కథలన్నీ సగమే తెలుసు. అది ఆమె తప్పు కాదు, ఆమె చేసే వ్యాపారం అటువంటిది. గాజుల మలారం భుజాన వేసుకుని విడవలూరు నుంచి సముద్రం దాకా ఉన్న ఊళ్ళన్నీ తిరిగేది. ఎవరి అరుగు మీద కూర్చున్నా, గాజులు ఎక్కించడానికి చేయి పట్టుకోగానే ఆడవాళ్ళు మనసు విప్పేవాళ్ళు. అత్త పెట్టే ఆరళ్ళు, తోడికోడలి ఎత్తిపొడుపులు, చెడిపోయిన సంబంధాలు, ఒకటేమిటి. తీరా కథ మంచి పట్టులో ఉండగా రెండో చేతికి ఆఖరి గాజు ఎక్కేసేది. చేయి వదిలితే మాటా ఆగిపోయేది. పొయ్యి మీద ఎసరో, ఉయ్యాల్లో బిడ్డో గుర్తొచ్చి ఆ ఇల్లాలు లోపలికి పోయేది. "ఆ పిల్ల కాపరం ఏమైందో ఏమో" అని దారంతా గొణుక్కుంటూ నాగూర్‌బీ పక్క ఊరికి నడిచేది. ఇంటికొచ్చి మొగుడితో చెప్పుకుందామా అంటే, లాల్ అహ్మద్‌కి నెల్లూరు నుంచి సైకిలు మీద గాజులు తెచ్చిపడేయడం తప్ప ఊసులు గిట్టవు.

అటువంటి మనిషికి, 1961లో, తన ఊరి గ్రంథాలయంలో గురువారం మధ్యాహ్నాలు దొరికాయి.

గ్రంథాలయమంటే మరీ ఊహించుకోకండి. ఒక పెంకుటిల్లు, ముందు వెడల్పాటి వసారా, లోపల నాలుగు బీరువాలు. కానీ లైబ్రేరియన్ ఆనందబాబు హుషారైన మనిషి. సాయంత్రాలు అక్కడ మగవాళ్ళకి ఏదో ఒకటి జరిపించేవాడు. ఒకనాడు బుర్రకథ, ఒకనాడు వరి తెగుళ్ళ మీద ఉపన్యాసం, ఒకనాడు పద్యాల పోటీ. ఆడవాళ్ళకు మాత్రం ఏమీ లేదు. చదువు రానివాళ్ళకు లైబ్రరీతో ఏం పని అన్నారు పెద్దమనుషులు. అన్నవాళ్ళలో సగంమంది పక్కవాడు పేపరు చదువుతుంటే చెవులొగ్గి వినే రకమే, అది వేరే సంగతి. ఆనందబాబు భార్య ప్రేమలీల ఈ మాట విని ఊరుకోలేదు. ఆదివారం చర్చిలో వాక్యం చదివి చదివి ఆమె గొంతు బాగా తేరింది. గురువారం మధ్యాహ్నాలు వసారాలో చాపలు పరిచి, ఆడవాళ్ళకు నవల చదివి వినిపించడం మొదలుపెట్టింది.

మొదటివారం వచ్చింది ఇద్దరు ముసలమ్మలు, చెప్పుల దగ్గర కూర్చున్న నాగూర్‌బీ. ఆ వారమంతా నాగూర్‌బీ ఎవరి చేయి పట్టుకున్నా ఈ కథే ఎత్తింది. మరుసటి వారానికి వసారా నిండిపోయింది.

నవల్లో తులశమ్మ అని ఒకామె. అత్త గెంటేస్తే పుట్టింట్లో కొన్నేళ్ళు పడి ఉంది. మొగుడు రమ్మని కబురు పెడితే కాలవ మీద పడవెక్కింది. ఆ పడవ ఇప్పుడు అత్తగారి ఊరి రేవుకు వస్తోంది. రేవులో మొగుడు నిలబడి ఉన్నాడు. తులశమ్మ దిగుతుందా, దిగదా? ఊళ్ళో ఆడవాళ్ళు రెండు జట్లయ్యారు.

"మొగుడే వచ్చి నిలబడినాక ఇంకేముండాది? దిగాల్సిందే" అంటుంది గంగులయ్య భార్య సామ్రాజ్యం.

"గెంటినప్పుడు ఏ గాడిదలు కాస్తా ఉండాడంట ఆ మొగుడు? దిగదు గాక దిగదు" అంటుంది ఇంకో జట్టు.

నాగూర్‌బీ ఏ జట్టులోనూ చేరలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. బతుకులో ఈ ఒక్క కథైనా చివరిదాకా వినాలి.

చిక్కంతా బర్రెలతో వచ్చింది. ఇళ్ళల్లో పనులు ముగించుకుని వాళ్ళు వచ్చేసరికి మూడయ్యేది. నాలుగు కాగానే పాలు పితికే వేళని బర్రెలు అరుపులు లంకించుకునేవి. ఒక్క బర్రె అరిచిందా, వసారాలో సగంమంది కొంగులు దులుపుకుని లేచేవాళ్ళు. ప్రేమలీల వాక్యం మధ్యలో నోరు తెరుచుకుని ఉండిపోయేది. సరిగ్గా ఆ గందరగోళంలోనే ఒక గురువారం జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన పెద్దాయన గడపలో నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇది చదువా, సంతా? వచ్చే గురువారం మళ్ళీ వస్తాను. ఆఖరి పేజీ దాకా జనం కూర్చుంటే సరి. లేదంటే ఈ ఆడవాళ్ళ గోల ఆపేసి ఆ గంట స్కూలు పిల్లలకిచ్చెయ్" అన్నాడు ఆనందబాబుతో.

చెప్పుల దగ్గరున్న నాగూర్‌బీ చెవిన ఆ మాట పడింది. చదువు ఆగిపోతే తులశమ్మ ఆ పడవలోనే ఉండిపోతుంది. ఇదీ సగం కథే అవుతుంది.

మరుసటి గురువారం నాగూర్‌బీ అందరికంటే ముందొచ్చి, నిండు మలారం వసారాలో పరిచింది. మామిడిచిగురు రంగు గాజులు. చూసి ఏ ఆడదీ దాటిపోలేదు. వచ్చినవాళ్ళను వచ్చినట్టు కూర్చోబెట్టి, ఎడమ చేయి వత్తి వత్తి గాజులెక్కించింది. సామ్రాజ్యం కుడిచేయి కూడా చాపింది.

"అది కథయినాక" అంది నాగూర్‌బీ.

"అదేందక్కా?"

"గాజుల చప్పుడులో ప్రేమలీలమ్మ చదివేది ఏం వినపడతాదిమే? కూచో."

సబబుగానే ఉందనుకుని అందరూ కూర్చున్నారు. పెద్దాయన వచ్చి కుర్చీలో చేరగిలబడ్డాడు. చదువు సాగింది. నాలుగయింది, ఊళ్ళో బర్రె అరిచింది. సామ్రాజ్యం దిగ్గున లేచింది. లేచి, బోసిగా ఉన్న తన కుడిచేయి చూసుకుంది. ఒంటిచేతికి గాజులేసుకుని గడప దాటితే ఇంటికి కీడు. ఈ నియమం పెట్టింది గాజులవాళ్ళేనని గిట్టనివాళ్ళంటారు గానీ, కాదని దాటి చూసిన ఇల్లాలు ఆ చుట్టుపక్కల లేదు. సామ్రాజ్యం చుట్టూ చూసింది. అందరిదీ అదే వరస. గాజులతో పనిలేని ముసలమ్మలు ఎటూ లేవరు.

"ఓసి నీ తెలివి తగలెయ్య" అని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ కూలబడింది సామ్రాజ్యం.

పడవ రేవుకు వచ్చేసింది. అదుగో, అప్పుడే వీధిలో గంగులయ్య కనబడ్డాడు, చేతిలో ఖాళీ చెంబుతో, ముఖం గంటు పెట్టుకుని. ఇక్కడికొచ్చి కేకేస్తే అంతా పాడైపోతుందని నాగూర్‌బీ గబగబా మెట్లు దిగి ఎదురుపోయింది.

"మా ఆడమనిషిని పంపించు నాగూర్‌బీ. బర్రె అరిచి చస్తా ఉండాది."

"ఒక చేతికే అయినాయి గంగులయ్యా. అట్టనే పంపించమంటావా? ఏమన్నా అయితే నన్ననబాకు."

గంగులయ్య చెంబు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "మరి పాలెవురు పితకాలా?"

"నువ్వే."

"బర్రెకి మా ఆడమనిషే అలవాటు. నన్ను దగ్గరికి రానియ్యదు, కాలెత్తుద్ది."

"ఆమె కోక మీద కప్పుకుని కూచో. బర్రెకేం తెలస్తాది?"

గంగులయ్య కోక కప్పుకోవడమేంటని కాసేపు వాదించాడు. వీధిలో ఎవరూ చూడరని ఆమె నచ్చజెప్పింది. చివరకు తల గోక్కుంటూ ఇంటిదారి పట్టాడు. నాగూర్‌బీ పరుగున మెట్లెక్కేసరికి ప్రేమలీల పుస్తకం మూసేసింది.

"బాగుంది, జరుపుకోండి. ఇట్లాగే జరుపుకోండి" అంటున్నాడు పెద్దాయన.

వసారా అంతా నవ్వులు, చప్పట్లు. నాగూర్‌బీ ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసింది. ఏదో జరిగిపోయింది. తను లేనప్పుడు జరిగిపోయింది. అయినా నవ్వు తెచ్చుకుని, చెప్పుల దగ్గర మలారం ముందు కూర్చుంది.

"సరే, చేతులియ్యండమ్మా. మీ బర్రెలు ఆగవు."

ఎవరూ చేయి ఇవ్వలేదు. సామ్రాజ్యం ఆమె ముఖంలోకి చూసి, తన కుడిచేయి కొంగులో దాచుకుంది.

"వినలేదా అక్కా నువ్వు?"

నాగూర్‌బీ తల వంచుకుని గాజులు లెక్కపెట్టసాగింది.

"ముందు ఆ చెప్పుల కాడ్నించి లేచొచ్చి మా నడిమధ్యలో కూచో. ప్రేమలీలమ్మా, పడవ రేవుకొచ్చిన కాడ్నించి మళ్ళా చదవండి. ఎవురూ ముందే చెప్పబాకండే."

ఊరంతా బర్రెలు అరుస్తున్నాయి. ఒక్కరూ కదల్లేదు. బస్సుకు టైమయిందని లేచిన పెద్దాయన కూడా మళ్ళీ కూర్చున్నాడు. ప్రేమలీల పేజీలు వెనక్కి తిప్పింది. నాగూర్‌బీ చేతులు ఎవరి చేయీ పట్టుకోకుండా ఒళ్ళో ఊరికే ఉన్నాయి. తులశమ్మ లేచి నిలబడింది. మొగుడు చేయి అందించాడు. ఆ చేయి పట్టుకుని తులశమ్మ దిగలేదు, అతన్నే పడవలోకి లాక్కుంది. పోదాం పదమని పడవవాడితో చెప్పింది.

నాగూర్‌బీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ పూట ఆమె అంత సంతోషపడ్డ మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు లేరు. కుడిచేతులన్నీ ఒక్కసారే ముందుకొచ్చాయి.

దీపాలవేళ ఇల్లు చేరి, ఎవరూ అడక్కుండానే లాల్ అహ్మద్‌కి కథ మొదలుపెట్టింది. అత్త గెంటడం, పుట్టిల్లు, కబురు, కాలవ, రేవు దాకా చెప్పింది. చెప్పి, బియ్యం కడగాలని లేచిపోయింది.

ఊసులు గిట్టని లాల్ అహ్మద్ కాసేపు కూర్చున్నాడు. తర్వాత మెల్లగా లేచి పొయ్యి దాకా వచ్చాడు.

"ఏమే, దిగిందా లేదా?"

"ముందు అన్నం తిను" అంది నాగూర్‌బీ.