మునిరత్నం మోకాలు ఎక్కిన ఘాట్ రోడ్డు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో, తిరుపతిలోని ఒక ఎముకల ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా ఉన్న నాకు కొత్త గది అప్పగించారు. అందులో రెండు వ్యాయామ సైకిళ్లు, రెండు వీఆర్ హెడ్‌సెట్లు. హెడ్‌సెట్ కళ్లకు తగిలించుకుని సైకిలు తొక్కితే, మనం ఎంచుకున్న దారి కళ్లముందు కదులుతుంది. రోగి పక్కన మనిషి తప్పక నిలబడాలి, తల తిరుగుతోందంటే ఆపేయాలి.

మొదట వచ్చినాయన పాకాల మునిరత్నం, రిటైరైన బస్సు డ్రైవరు. మోకీలు మార్పిడి జరిగి వారాలు గడిచినా కాలు తొంభై డిగ్రీలు వంగలేదు. ఇలాగే ఉంటే మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుందని సర్జన్ చెప్పారు. ఆ భయానికి ఆయన తొడ కండరం బిగబట్టేవాడు. కండరం బిగిస్తే కీలు కదలదు. సీటు ఎత్తుగా పెట్టినా పెడల్ చుట్టు తిరగక, ముందుకూ వెనక్కూ ఊగేది.

నేను ముచ్చటపడి మంచుకొండలు పెట్టాను. చలిగా ఉందని కాసేపటికే తీసేయమన్నాడు. ఖాళీ హాలు పెడితే ధ్యాసంతా మోకాలి మీదే. చివరికి ఘాట్ రోడ్డు పెట్టాను. నిటారుగా కూర్చున్నాడు. మలుపు వచ్చేసరికి ఒళ్లు వంచి, చేత్తో గాలిలో హారన్ వెతికాడు. ఆయన భార్య కాంతమ్మ నవ్వాపుకోలేక, తానూ తొక్కుతానని రెండో హెడ్‌సెట్ పెట్టుకుని రెండో సైకిలెక్కింది. రెండు హెడ్‌సెట్లనూ కలిపితే అదొక పందెం ఆట, ఇద్దరిదీ ఒకే దారి, ఒకరికొకరు కనిపిస్తారు. ఆమె ఆయన్ని దాటి దూసుకుపోయింది.

"మే, ఘాట్‌లో ఓవర్‌టేక్ సేయగూడదు," అన్నాడు మునిరత్నం.

"అయితే కేసు రాయించుకోపో," అందామె, తొక్కుతూనే.

ఆయన కాలి వైపు చూశాను. పెడల్ పూర్తిగా చుట్టు తిరిగింది. మళ్లీ తిరిగింది. గదిలో అందరం నవ్వుతున్నాం, ఆయనకు మాత్రం ఏమీ తెలీదు. ఆట ముగిశాక గోనియోమీటరు అనే కోణమానినితో కొలిచాను. వంద డిగ్రీలు దాటింది. ఆ సంగతి చెబితే వినిపించుకోలేదు.

"అదుండనీమ్మా. గెలిసింది యెవురు?"

కాంతమ్మే గెలిచింది. మరునాడు ఆయన నాకంటే ముందొచ్చి గది తలుపు దగ్గర కూర్చున్నాడు. మత్తిచ్చి వంచే అవసరం రాలేదు.

అదే ఘాట్ రోడ్డు నగరి నుంచి వచ్చిన ఒక నేతగత్తెకు పెడితే తల తిరిగి వెంటనే దిగిపోయింది. ఆమెకు చదునైన బజారు వీధి సరిపోయింది. సైకిలు అదే, పెడల్ బిగువు అదే. చుట్టూ కనిపించే చోటు మారితే రోగి ధ్యాస మారుతుంది, ధ్యాస మారితే కండరం వదులవుతుంది. అందుకే రిటైరయ్యేదాకా, హెడ్‌సెట్ తగిలించే ముందు ఏ దారిన పోతారని రోగినే అడిగేదాన్ని.